గోడ మీద కొత్త మాట

బడి గోడకు నిచ్చెన వేసుకుని, దాని మీద రాసి ఉన్న ఆ చిన్న దేశపు జాతీయగీతంలో కూతురు ఒక మాట గీకేస్తోంది. నలభై ఏళ్లుగా ఆ గోడకు అక్షరాలు దిద్దిన తండ్రి కింద నిచ్చెన పట్టుకున్నాడు. గీకుతున్న చప్పుడుకే ఆయనకు ఒళ్లు మండిపోతోంది.

“‘దేశపు కొడుకులారా’ అంటే ఏం పోయిందే?”

“‘బిడ్డలారా’ అని మార్చమని ఆర్డరొచ్చింది నాన్నా. నాకూ అదే నచ్చింది. బళ్లో సగం మంది ఆడపిల్లలేగా.”

“ఆ పాట పాడుతూ ప్రాణాలిచ్చినవాళ్లున్నారు. ఇవాళ మాట మారుస్తారు, రేపు రాగం మారుస్తారు. దీనికి అంతెక్కడ?”

“నాన్నా, దీని కింద ఇంకో మాట బయటపడింది. ‘రాజుగారి బంట్లారా’ అనుంది. ఈ సాగదీసిన అక్షరాలు తాతయ్యవేగా?”

తండ్రి నిచ్చెన కాలు సరిగా ఉందో లేదో చూసుకున్నాడు.

“తాతయ్య రాసిందాన్ని ఎవరు చెరిపారు?”

“నేనే. రాజరికమే పోయాక ఇంకా బంట్లేమిటని సున్నం కొట్టి, కొడుకులారా అని రాశాను.”

“తాతయ్య ఏమన్నాడు?”

“మూడు రోజులు నా మొహం చూడలేదు. నాలుగో రోజు ఇక్కడికొచ్చి నించుని, ఆ ‘కొ’ వంకరపోయింది, సరిచెయ్యి అన్నాడు.”

కూతురు నవ్వు ఆపుకుని కుంచె రంగులో ముంచింది. కొత్త మాట రాయడం పూర్తిచేసి కిందికి వంగి చూసింది.

“నువ్వూ మూడు రోజులు మాట్లాడవా నాన్నా?”

“అంత తీరిక నాకెక్కడిదే? ఆ ‘బి’ వంకరపోయింది, సరిచెయ్యి.”