మందు చెక్క

టీ కొట్టు ముందున్న బల్ల మీద కోతల మేస్త్రీ కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడంటే ఇక ఆ సాయంత్రం ఎవరి పనీ తెమలదని వీధిలో అందరికీ తెలుసు. వృత్తికి వడ్రంగి. పగలంతా కర్ర కోస్తాడు, పొద్దు వాలాక కోతలు కోస్తాడు. రెండింట్లోనూ చెయ్యి తిరిగినవాడే గానీ, కర్ర కోసేటప్పుడు మాత్రం కొలత చూసుకుంటాడని కొట్టు నడిపే టీ అక్క అంటూ ఉండేది.

ఆ రోజు ఆయన్ని వెతుక్కుంటూ పరుగు లాంటి నడకతో వచ్చినవాడు ఆయన తమ్ముడి అల్లుడు. కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసే పని అతనిది. మెతక మనిషి. పెద్దవాళ్ళ ముందు గొంతెత్తకూడదని చిన్నప్పుడు ఎవరో చెప్తే ఇప్పటికీ ఎత్తనివాడు. చేతిలో కాగితం పొట్లం, పొట్లంలో బొటనవేలంత చెక్క ముక్క, ముక్కకి ఒక కొసంతా పంటిగాట్లు.

ఆ గాట్లు బంతివి. బంతి అంటే అతని కూతురు పెంచుకుంటున్న హామ్‌స్టర్. చూడ్డానికి గుప్పెడంత బొద్దు ఎలక, తోక ఉండీ లేనట్టుంటుంది. దాని పళ్ళు బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి. ఏదో ఒకటి కొరికి అరగదీసుకోకపోతే నోరు మూతపడదు, గింజ దిగదు. అందుకని ఇంట్లో వాళ్ళు రంగులేని అట్ట గొట్టాలు, ఎండుగడ్డి, కడిగి ఆరబెట్టిన ఆపిల్ కొమ్మలు తప్ప కొరకడానికి ఇంకేమీ వేసేవాళ్ళు కాదు. మొన్న పిల్ల పుట్టినరోజుకి పెదతాత, అంటే ఈ మేస్త్రీయే వచ్చి, జేబులోంచి ఈ ముక్క తీసి, ఇది మామూలు చెక్క కాదు తల్లీ అని చేతిలో పెట్టి వెళ్ళాడు. పిల్ల మురిసిపోయింది, బంతి రెండు రోజులు ఇష్టంగా కొరికింది. ఇవాళ పొద్దున్నుంచి గింజ ముట్టలేదు. మధ్యాహ్నానికి నోటి వెంట చొంగ, వెనక కాళ్ళు వణుకు. పిల్లా తల్లీ బంతి ఉన్న పెట్టె పట్టుకుని జంతువుల డాక్టరు దగ్గరికి పరిగెత్తారు.

డాక్టరమ్మ చూసి ఒక్కటే అడిగింది. వట్టి చెక్క పొట్టు లోపల అడ్డం పడితే ఒక రకం వైద్యం, చెక్కకి ఏదైనా పూసి ఉంటే ఇంకో రకం, ఒకదానికి చెయ్యాల్సింది ఇంకోదానికి చేస్తే ఉన్న ప్రాణం కూడా పోతుంది, కాబట్టి అది ఏం చెక్కో, దాని మీద ఏముందో ఎవరైనా కనుక్కురండి అని. మేస్త్రీ ఫోను ఎప్పుడూ షెడ్డులో పొట్టు కింద మోగుతూ ఉంటుంది. అందుకే అల్లుడు ఇలా వచ్చాడు.

వచ్చి, చెమట తుడుచుకుని, బల్ల మీద పొట్లం విప్పి అన్నాడు.

"మామయ్యగారూ, బంతికి కాస్త నలతగా ఉందండీ. మీరిచ్చిన ఈ చెక్క ఏం చెక్కో కొంచెం చెప్తారా?"

చావుబతుకుల్లో ఉంది అనాల్సిన చోట నలతగా ఉంది అన్నాడు. పెద్దాయన్ని నలుగురిలో నిలదీసినట్టవుతుందని మాట మెత్తగా చేశాడు. ఆ మెత్తదనమే కొంప ముంచింది.

ఎందుకంటే బల్ల చుట్టూ అప్పటికే జనం ఉన్నారు. పక్క షాపు టైలరు, బస్సు దిగి సగం చొక్కా గుండీలు విప్పుకున్న డ్రైవరు, గ్లాసులు కడుగుతూ టీ అక్క. వాళ్ళ ముందు తన చెక్కని అనుమానిస్తే మేస్త్రీ ఊరుకుంటాడా? అల్లుణ్ణి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, టీ చెప్పి, ఏం చెక్క అని ఒక్క ముక్కలో చెప్పేదైతే నేనెందుకు, కర్రల డిపోలో గుమాస్తా చెప్తాడుగా అన్నాడు.

ఇంకొకళ్ళయితే చెత్తబుట్టలోంచి ఓ ముక్క ఏరి ఇచ్చేవాళ్ళట. ఆయన అలా చెయ్యలేదు. పిల్ల నోరు తెరిచి అడిగింది కదా అని షెడ్డులో కర్రలన్నీ కింద పరిచి ఒక్కొక్కటీ వాసన చూశాడట. దేవదారు ఘాటు, చిన్న ప్రాణి ఊపిరికి పడదు. ప్లైవుడ్ పొరల మధ్యంతా జిగురు, కడుపుకి పడదు. రంగేసింది, పాలిష్ కొట్టింది అసలే పనికిరాదు. ప్లాస్టిక్ ముక్కలైతే పేగుల్లో ఇరుక్కుంటాయి.

అల్లుడికి ప్రాణం లేచొచ్చింది. అన్నీ నిజాలే. ఈయనకి అన్నీ తెలుసు. మరైతే ఇది ఏ కర్రండీ అని ముందుకి వంగాడు.

"చెప్తున్నాగా అల్లుడూ. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

తర్వాత అవుతూనే ఉంది. షెడ్డులో ఉన్న ఏ కర్రా మనసుకి నచ్చక మేస్త్రీ కొండ మీద ఆపిల్ తోటకి బయల్దేరాడట. తోటమాలి కొమ్మ ఇవ్వనన్నాడట. ఇవ్వకపోతే పోనీ, వాసన చూసి వెళ్తానని చెట్టెక్కితే, ఈయన బరువుకి కొమ్మ కాదు, చెట్టు చెట్టే వేళ్ళతో సహా ఊడొచ్చి, ఈయన్ని మీదెక్కించుకుని కొండ మీంచి జర్రున కిందకి జారడం మొదలెట్టిందట. దారిలో ఇంకా నాలుగు చెట్లు, మేమూ వస్తామని వెనకాల పడ్డాయట.

బ్రేకులు లేవా అన్నాడు డ్రైవరు. చెట్టుకి బ్రేకేంటయ్యా, కాళ్ళతో తొక్కిపట్టాను, చెప్పులు అరిగిపోయి కొండ మీద రోడ్డు పడింది, ఇప్పుడు దాని మీదే బస్సులు నడుస్తున్నాయి అన్నాడు మేస్త్రీ. డ్రైవరు తను నడిపే రూటు అదేనేమోనని ఒక్క క్షణం ఆలోచనలో పడ్డాడు.

అల్లుడు అక్కడే ఆగాడు. ఆపిల్ చెట్టు. ఆపిల్ కర్రయితే భయం లేదు. కానీ ఆ కొండ ఉందో లేదో తెలియనప్పుడు ఆ చెట్టు ఉందని ఎలా నమ్మడం? ఆపిల్ అని ఫోన్ చేసి చెప్పేస్తే, డాక్టరమ్మ వట్టి చెక్కకి చేసే వైద్యం మొదలెడితే? అతని చెయ్యి జేబులోకి వెళ్ళి వట్టిదే తిరిగొచ్చింది.

"అంటే ఇది ఖాయంగా ఆపిల్ కర్రేనాండీ?"

ఆపిలే అనుకున్నానయ్యా, కానీ ఎలుగుబంటి ఒప్పుకోలేదు అన్నాడు మేస్త్రీ.

కొండ దిగువన అడ్డం వచ్చిందట ఎలుగుబంటి. ఈ కర్ర ఎలక పళ్ళకి సరిపోతుందో లేదో నన్ను కొరికి చూడనివ్వు అన్నట్టు చెయ్యి చాపిందట. ఇస్తే ఒక్క కొరుకు కొరికి ఛీ అని ఉమ్మేసి, ఈయన భుజం మీద చెయ్యేసి, అడవి లోపలికి తీసుకెళ్ళి, ఇంకో చెట్టు చూపించిందట. ఆ చెట్టుకి పేరు లేదు. దాని నీడలో కూర్చున్న ముసలాళ్ళకి ఊడిన పళ్ళు మొలుస్తాయి. టైలరు నాలికతో తన దవడలో ఖాళీ తడుముకుంటూ, ఆ దారెటో కాస్త చెబుదురూ అన్నాడు.

అప్పుడే ఫోను మోగింది. భార్య.

"కనుక్కున్నారా?"

"చెప్తున్నారు."

"ఏం చెప్తున్నారు?"

"ఎలుగుబంటి దాకా వచ్చారు."

పెదనాన్న కథ అయ్యేలోపు ఇది అయిపోయేలా ఉంది, కళ్ళు కూడా తెరవట్లేదు అంది భార్య. ఆ గొంతు వెనక పిల్ల వెక్కిళ్ళు వినిపించాయి. కొండని తవ్వి ఎలకని పట్టడం అంటారు, ఇక్కడ ఒక్క ఎలక కోసం ఇంత పెద్ద కొండని తవ్వాల్సొస్తోంది, పైగా తవ్వినకొద్దీ పెరుగుతోంది కొండ.

ఫోను పెట్టేసి, మామయ్యగారూ, డాక్టరమ్మ అక్కడ కాచుక్కూర్చుంది, పేరు ఒక్కటి చెప్పండి చాలు అన్నాడు. ఈసారి గొంతు కొంచెం పెరిగింది. అది మేస్త్రీకి నచ్చలేదు. నచ్చలేదని మొహంలో కనిపించింది. నా చెక్క కొరికితే నలత చేస్తుందా అని చుట్టూ చూశాడు. వినేవాళ్ళు వింటున్నారు. ఇక ఆగితే పరువు పోతుంది.

అసలు ఆ చెక్క కొరికాక మా పిల్ల పెంచే ఎలక ఏం చేసిందో నీకు తెలుసా, నీ ఇంట్లోనే ఉండి నీకే తెలీదు అని మొదలెట్టాడు. మొదటి రోజు పంజరం ఊచలు కొరికి బయటికొచ్చిందట. రెండో రోజు షెడ్డుకే వచ్చేసిందట. ఆ వేళకే కర్రల మిల్లులో రంపం విరిగి కూలీలంతా నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చున్నారట. మేస్త్రీ దీన్ని దుంగ మీద వదిలి, సున్నపు దారంతో గీత కొట్టి, ఊఁ అన్నాడట. అంతే. కరకరమని ఈ చివర్నుంచి ఆ చివరికి పోయి, వెనక్కి తిరిగి వచ్చిందట. పలకలు ఎంత నున్నగా వచ్చాయంటే ఈగ వాలితే జారి పడిందట. ఇప్పుడు మిల్లు యజమాని రంపాలన్నీ అమ్మేసి, బంతిని నెల జీతానికి పంపమని కాళ్ళావేళ్ళా పడుతున్నాడట.

టీ అక్క నవ్వింది. డ్రైవరు తొడ చరిచాడు. అల్లుడికి మాత్రం పెట్టెలో పక్కకి ఒరిగి పడున్న గుప్పెడు ప్రాణమే కనిపిస్తోంది. నీళ్ళు పెడితే మూతి తడిసింది గానీ నాలిక ఆడించలేదు. వీళ్ళు నవ్వుతున్నది దాన్ని గురించే.

"ఊరికే వచ్చిందా అంత బలం?" మేస్త్రీ వేలెత్తాడు. "అది మందు చెక్క అల్లుడూ. మందు పట్టించిన చెక్క. ఆ రోజే చెప్పాను కదా మీ ఇంట్లో."

చెప్పాడు. నిజమే, ఈ కంగారులో ఎవరికీ గుర్తు రాలేదు. మందు పట్టించిన చెక్క, పురుగు దగ్గరికి రాదు అన్నాడు. పాపం పళ్ళకి మంచిదని ఏ ఆకు పసరో పట్టించి ఉంటాడని, పిప్పిపన్ను రాకుండా చేశాడని, పెదనాన్నకి పిల్లంటే ఎంత ప్రేమో అని భార్య మురిసిపోయి తనే పెట్టెలో పెట్టింది. మందు అంటే ఆ ఇంట్లో మేలు చేసేదే. కానీ మందు అనే మాట ఒక్క ఇంటికి కట్టుబడి ఉండేదా? రోగానికి వేసేదీ మందే, పంటకి కొట్టేదీ మందే, సాయంత్రం సీసాలోంచి వంచుకునేదీ మందే. మరి వడ్రంగి షెడ్డులో మందంటే?

అల్లుడు ముందుకి జరిగాడు.

"ఏం మందండీ?"

ఎలుగుబంటి చూపించిన చెట్టు పసరులో నూరు మూలికలు కలిపి, ఆ చెక్కని నానబెట్టాడట మేస్త్రీ. ఆవిరి తగిలి పక్కింటి ముసలావిడ చేతికర్ర పారేసి పరుగు పందెంలో గెలిచిందట. చెబుతున్నాడు గానీ కళ్ళు మొదటిసారి ఆ చెక్క ముక్క మీదికి పోయి, చప్పున తప్పుకున్నాయి. అద్దాలు అరగదీసేవాడు వెంట్రుకంత తేడా కూడా పట్టేస్తాడు. దీన్ని కూడా పట్టేశాడు.

ఇక అడిగి లాభం లేదు. అడిగితే ఇంకో మూలిక పుడుతుంది.

"అంత మంచి మందైతే నాక్కూడా కావాలండీ. నాలుగు రోజులుగా చిగుళ్ళు నొప్పి." అని అల్లుడు వినయంగానే అన్నాడు. అని, ఆ ముక్క తీసుకుని, బంతి కొరికిన వైపే నోట్లోకి పెట్టుకోబోయాడు.

మేస్త్రీ చెయ్యి గాల్లో లేచింది. చెళ్ళుమని అల్లుడి చెయ్యి మీద పడింది. చెక్క ఎగిరి టీ గ్లాసుల మధ్య పడింది.

"ఒరేయ్, చచ్చిపోతావురా! చెదల మందు అది."

టీ అక్క చెక్క పడిన చోట గ్లాసులన్నీ మెల్లగా పక్కకి తీసింది. డోరు ఫ్రేముల కోసం మందులో ముంచిన కర్ర, కోయగా మిగిలిన ముక్క, బుట్టలో చెయ్యి పెడితే తగిలింది, ఎలకే కదా, ఏదైతేనేం అనుకున్నాను అన్నాడు మేస్త్రీ. పిల్ల పుట్టినరోజని దారిలో గుర్తొచ్చిందట. అంతే కథ. కొండా లేదు, ఎలుగూ లేదు.

అల్లుడు అప్పటికే ఫోను చెవికి పెట్టాడు. చెదల మందు పట్టించిన చెక్కట అన్నాడు. డాక్టరమ్మకి ఆ మాట అందించి భార్య అడిగింది. ఫోనులో వచ్చిన ఆ ప్రశ్న బల్ల దగ్గరున్న అందరికీ వినిపించింది.

"ఎవరు చెప్పారు, పెదనాన్నేనా? నమ్మొచ్చా?"

అల్లుడు మేస్త్రీ వైపు చూశాడు. మేస్త్రీ మొహంలో రక్తం లేదు. లేచి, పంచె ఎగ్గట్టి, రోడ్డుకి అడ్డంపడి ఎదురుగా ఉన్న తన షెడ్డులోకి పరిగెత్తాడు. మందు డబ్బా చంకలో పెట్టుకుని వచ్చి, ఫోను లాక్కుని, కళ్ళజోడు లేక డబ్బాని చేతి దూరంలో పట్టుకుని, దాని మీద రాసున్న పేరు అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు. కింద ఉన్న చిన్న అక్షరాలు కూడా చదివాడు. ఒక్క ముక్క కలపలేదు. అవతలివైపు డాక్టరమ్మ సరే, ఇది చాలు అని ఎవరికో గబగబా ఏదో పురమాయించడం వినిపించింది.

తర్వాత ఫోనులోకి పిల్ల గొంతొచ్చింది. నాన్నని కాదు, తాతనే అడిగింది. బంతి బతుకుతుందా తాతయ్యా అని.

టైలరు, డ్రైవరు ఆయన నోటి వంకే చూస్తున్నారు.

"నాకు తెలీదు తల్లీ," అన్నాడు. "వస్తున్నాను."