డోలు మీదికి వెళ్ళిన బుల్లికారు

“తప్పంతా దీన్ని తయారుచేసినవాళ్ళదే. రివర్స్ గేరు పెట్టకుండా, ఇంజన్నే వెనక్కి తిప్పి స్టార్ట్ చెయ్యమన్నారు. తాళం కాస్త లోపలికి నొక్కితే చాలు, బండి వెనక్కి పోతుంది.”

జర్మనీలో, బవేరియా ప్రాంతంలోని మా ఊళ్ళో ఊరేగింపు ఆగిపోయింది. ముందొకరు, వెనకొకరు కూర్చునే మూడు చక్రాల కారులో, గాజు మూత కింద నేనూ మా ఆవిడా. ముందు సీట్లో ఉన్న మొద్దుని నేనే.

“నొక్కింది వాళ్ళా, నువ్వా?”

“నేనే. ఉపన్యాసం గుర్తు చేసుకుంటున్నాను.”

“నీ ఉపన్యాసం మన వెనకే మేళంలో వస్తున్న మా అన్నయ్య అలోయిస్ డోలుని చీల్చింది. ఆ చిరుగులోంచి మనల్నే చూస్తున్నాడు.”

“ఏమంటున్నాడు?”

“మూత వేసుంది కదా, వినబడట్లేదు. నోరు చూస్తే మంచి మాటల్లా లేవు.”

“పెద్ద కార్లు జనాన్ని తొక్కేస్తున్నాయి, బజారులోంచి వెళ్ళగొట్టండి అని అరవడానికొచ్చాను. ఇవాళ జనం మీదికెళ్ళిన కారు ఇదొక్కటే. ఇక నా మాట ఎవడు వింటాడు? నేను బయటికి రాను. ఊరంతా చూస్తోంది.”

“గాజు బుడగలో దాక్కుంటే చూడక ఏం చేస్తారు? చెమటకి నీ మెడ ఉడికిపోతోంది. ముప్పై ఏళ్ళుగా ఈ బండిలో నేను చూసింది ఆ మెడనే.”

“ఏం చెయ్యమంటావు?”

“మూత తెరువు. ముందు అన్నయ్యకి క్షమాపణ చెప్పు. తర్వాత ఆ చిరిగిన డోలు పక్కనే నిలబడి ఉపన్యాసం చదువు. ఇంత బుల్లి బండే ఇంత పని చేస్తే, పెద్దది ఏం చేస్తుందో అడుగు. ఇంటికి మాత్రం నేను నడుపుతా. నువ్వు వెనక కూర్చుని నా మెడ చూడు.”