ముల్లుకి రాసిన పాలు

హలో… ఆ రాజీ, నేనే. ట్రైనింగ్ అయిపోయిందేటి?

ఓహో, బోయినాలకి వదిలేరా…

కాక్టసా? బానే ఉంది నీ ముద్దుల కాక్టస్… నీళ్లు పొయ్యనేదు తల్లీ. అగ్గిపుల్ల మట్టిలో దింపి సూసేను, ఇంకా తడుంది. తడుండగా పోస్తే కుళ్లిపోద్దని నువ్వే కదా సెప్పేవు.

ఆ, మొగ్గలు విచ్చేయి. తల సుట్టూ వరసగా…

ఫోటోనా… తీత్తాను. తీత్తాన్లే.

గొంతుక అదోలా ఉందా? ఏట్నేదు.

నేదే, దాయడం నేదు… చిన్నమ్మలు ఇంట్లోనే ఉంది. బడికి పంపనేదు.

జొరం కాదు.

సెప్తాను. కంగారు పడకు. పొద్దున్న పువ్వు సూత్తానని నీ కాక్టస్‌ని గుప్పిట్లో పట్టీసుకుంది…

ఆ, ముళ్లు. నూగులాగ, వేళ్ల నిండా. పిన్నీసుతో కొన్ని తీసేను. మిగతావి కంటికానవు. మాయమ్మ పెరటి గోడవతల జిల్లేడు కొమ్మ తుంచుకొచ్చి పాలు రాసీసింది. ముల్లు పైకొచ్చేత్తదని…

మాయమ్మనేటనకు. నా కాల్లో ముల్లు దిగినా అదే రాసీది. మీయమ్మ నీకు రాయనేదేటి?

వేళ్లు బానే ఉన్నాయి. వేళ్ల సంగతి కాదు, రాజీ…

ఆ పాలు ఆరకముందే ఏడుస్తా కళ్లు నులిమీసుకుంది.

రెండూ.

కడిగేం. కడిగేం అంటే… అమ్మ కొంగు తడిపి తుడిసింది. మంట నేదంది పిల్ల. నొప్పి నేదంది. కళ్లు ఎర్రబడనూ నేదు. ఇడ్లీ తింది, ఆడుకుంది. అందుకే ఊరుకున్నాం.

ఇప్పుడా? ఇప్పుడు… ఇందాక “నాన్నా, ఇంట్లో పొగేటి?” అనడిగింది. పొగ నేదు. ట్యూబ్‌లైట్ సుట్టూ రంగులు కనబడతన్నాయంట. ఆటకి అంటందనుకున్నాను…

రాజీ?

ఎవరు, నీ పక్కన ట్రైనింగిచ్చే నర్సమ్మ ఉందా? అడుగు. లైన్లోనే ఉంటాను…

ఏటంటంది?



నొప్పి నేకపోతేనే బయమా? జిల్లేడు పాలు కంటిని మొద్దుబార్చీసి, తెలీకుండా లోపల వాపెక్కిత్తాయా? అదేటే…

సరే. సరే. కొళాయి కింద… రెప్పలు తెరిసి పట్టుకుని… అమ్మా! చిన్నమ్మల్ని ఇలా తీసుకురా. నువ్వేడవకు, నిన్నెవరూ ఏటీ అనడం నేదు. తల పట్టుకో. తెరువమ్మా, కళ్లు తెరువు… నీళ్లే బంగారం, ఉత్తి నీళ్లే…

ఆ, పోత్తన్నాను. ఫోను స్పీకర్లో పెట్టేను, సెప్పు…

అంతసేపా?

ఆముదమా? వద్దే అమ్మా! ఇంకేటీ ఎయ్యకు!

కన్నబాబూ! ఒరే కన్నబాబూ, ఆటో తియ్యరా! కంటాసుపత్రికి… తరవాత సెప్తాను, ముందు తియ్యి!

ఏటి రాజీ? ఆకు తీసుకెళ్లమంటందా డాక్టరుకి సూపించడానికి? అమ్మా, పొద్దుటి జిల్లేడు కొమ్మేదీ… పాల సేత్తో పిల్లని ముట్టుకోకు, సంచిలో పడీ, సేతులు కడుక్కో.

రాజీ, ఆవిడ్ని ఒక మాటడుగు. సూపు వచ్చేత్తదా?

వెంటనే మందు పడితే… ఆ…

“సాలామందికి వత్తది” అంటే ఏటే? మన పిల్లకో?

అడుగు మళ్లీ.

ఏడవకే. స్పీకర్లో ఉంది, పిల్ల ఇంటంది.

ఇత్తాను, ఉండు. చిన్నమ్మలూ, ఇదిగో అమ్మ. పట్టుకో ఫోను…

ఇక్కడమ్మా.

అక్కడ కాదు, నా సేతిలో… ఇదిగో, ఎదురుగానే ఉంది.

ఇటు బంగారం… ఇటు—

రాజీ, పెట్టీత్తన్నాను.