కుంటకు నడిచిపోయిన చేను

గొర్రు వంతు ఆ పొద్దు మా నాయన గోవిందప్పది. ఊళ్లో విత్తనమేసే గొర్రుకు కట్టేదానికి జయరాం ఎద్దులొక్కటే మిగిలినాయి. తక్కినోళ్ల ఎద్దులు రెండు కరువుల్లో సంతకు పోయినాయి. అందుకే వంతులు. వదులుకుంటే మళ్లా వచ్చేది పది దినాలకు.

ముందు రోజు సాయంత్రం నాలుగు చినుకులు పడినాయి. పైన తడి, వేలెడు కింద పొడి. ఇప్పుడు చెనక్కాయ విత్తి, వెనక వాన రాకుంటే గింజ మట్టిలోనే పోతాది, రెండోసారి వేసేదానికి ఇంట్లో గింజ లేదు. ఆగితే అదను పోతాది. ఎటూ తేల్చుకోలేక నాయన మస్తానాబీ టీ అంగట్లో కూర్చున్నాడు. నేను పక్కన నిలబడినా. రోడ్డు మీద జయరాం ఎద్దులు కట్టి, నాయన మాట కోసం చూస్తాండాడు.

అంజినప్ప అప్పటికే బల్ల మీద ఉన్నాడు. మేకలు కాస్తాడు, మూడెకరాల చేనూ ఉండాది. వంతుల్లో ఆఖరివాడు. ఆయన నోరు తెరిస్తే ఎదుటోళ్ల టీ చల్లారాల్సిందే.

"విత్తు గోవిందప్పా, అనుమానమే వద్దు. నాలుగు దినాల్లో వాన. నాకెట్ల తెలుసంటావా? మొదట నాకూ తెల్దు. గుట్ట కింద మేకల్ని వదిలితే, అవి ఒక తుమ్మచెట్టు కాడ నాలుగు కొరుకులు కొరికి, ఇంకా ఆకుండంగానే వదిలేసి, గాలికి ఎదురుగా పోతాండాయి. ఏ పొద్దు చూసినా ఎదురుగానే. ఏందబ్బా ఇది అని నేనూ ఒక ఆకు నమిలి చూస్తి. మొదటి ఆకు బాగానే ఉండె. కాసేపటికి ఇంకోటి తుంచి నోట్లో పెడితే ఒగరు, నాలిక మడత పడిపోయె. మేక మూతి పెడతానే చెట్టు ఒంట్లోకి చేదు ఎక్కించుకుంటాండాది, గాలి పోయే దిక్కున ఉండే చెట్లకు కబురు పంపిస్తాండాది. మేకలకు ఆ సంగతి తెలుసు, అందుకే కబురు అందని చెట్టు దిక్కు పోయేది."

"మా మేకలూ అంతే" అన్నాడు జయరాం రోడ్డు మీద నుంచే.

"నీ మేకలు అంతే, నువ్వు అంతే కాదు కదప్పా. నేనేం చేసినానో తెలుసునా? గాలికి ఎదురు కొసన ఉన్న చెట్టు కాడికి పోయి పేరు చెప్పుకుంటి. ఫలానా అంజినప్పను, నా మేకలు చెట్టుకు నాలుగు కొరుకులు దాటవు, ఇది మాట అంటి. ఆ కబురు గుట్టంతా పోయింది. ఇప్పుడు నేను పోతే ముళ్లు పక్కకు తిప్పుకుంటాయి. పంచె చిరిగి ఆరేండ్లు."

"ఆ మోకాటి కాడ చిరుగు ఏందన్నా?" అంది మస్తానాబీ.

"అది బస్సు సీటుకుండే మేకు. దానికి ప్రాణం లేదు కదమ్మా. ఇంక చెనక్కాయ సంగతి విను. ఎండ ముదిరితే చెనక్కాయ చెట్లు ఆకులు ముడుచుకుంటాయి, అందరి చేన్లో ఉండేదే, అదేం గొప్ప కాదు. నా చేన్లోవి మేఘం అడ్డమొస్తే కొంచెం తెరిచి, అది వట్టి మేఘమా వాన మేఘమా చూసుకుని, వట్టిదైతే మూసుకుంటాయి. పోయినేడు పక్క చేను నుంచి ఎర్ర గొంగళిపురుగులు దండుగా వచ్చె. నా చెట్లు ఏం చేసినాయో తెలుసునా? వాసన పట్టి, మూడెకరాలూ ఒక్క తూరి నేల మీద పడుకున్నాయి, ఎండిపోయినట్టు. పురుగులు గట్టు మీద నిలబడి చూసినాయి. పెద్దదొకటి తల ఊపింది. పాపం, కరువుకు పోయినాయి అనుకుని వెనక్కి తిరిగినాయి."

"ఏడ్చినాయా?" అన్నాడు జయరాం.

"నేను చూడలేదు. చూడనిది చెప్పను."

మస్తానాబీ ఇంకో గ్లాసు ఆయన ముందు పెట్టింది.

"అంతటితో అయిపోతే ఈడ చెప్పేదే లేదు. ఆ తర్వాత నలభై దినాలు వాన లేదు. ఒక మిట్ట మధ్యాన్నం సద్ది తిని చేనుకు పోతే, చేను లేదు. మట్టి ఉండాది, గట్టు ఉండాది, చెట్లు లేవు. సాలెంబడి గుంతలు. ఎవడో పీక్కుపోయినాడని కూలబడితి. కాసేపటికి కుంట దిక్కు నుంచి వస్తాండాయి, వరసగా, ముందు ముదురువి, మధ్యలో లేతవి. నీళ్లు తాగి, వేర్లు తడుపుకుని, ఊడలకు పట్టిన కాయలు మట్టికి తగలకుండా ఎత్తిపట్టుకుని. దేని గుంతలో అది దిగి మట్టి కప్పుకున్నాయి. రెండు మాత్రం సాలు మారినాయి. లేతవి, తెలీక."

"పోయినేడు కుంటలో నీళ్లు యాడివన్నా?" అంది మస్తానాబీ.

"బురదే. వాటికి అది చాలు, మన మాదిరి కాదు. ఆ చెట్ల గింజలే ఇప్పుడు నా ఇంట్లో విత్తనం. నిన్న చినుకు పడతానే మూటలో కదిలినాయి. చెవి పెట్టి విన్నా. నాలుగు దినాల్లో వాన అన్నాయి. ఇంకేం కావాల గోవిందప్పా నీకు?"

నాయన గ్లాసు కింద పెట్టినాడు. నవ్వుతానే లేచి, తుండుగుడ్డ భుజాన వేసుకున్నాడు. పొద్దుట్నుంచి ఆయన విత్తమనే మాట కోసం చూస్తాండె. అది ఎవరి నోటి నుంచి వచ్చిందో చూసుకునే ఓపిక లేదు. జయరాం పగ్గం అందుకున్నాడు.

పెద్దోళ్ల మాటల్లో ఆడపిల్ల దూరేది మా ఇంట్లో లేదు. ఆ పొద్దు నేను దూరినా. అంజినప్ప మామకు నలుగుర్లో సిగ్గు కావాలనే దూరినా, అది దాచుకునేదానికి లేదు.

"మామా, మా వంతు నువ్వు తీసుకో. ఎద్దులు కట్టే ఉండాయి. నీ గింజలు అంత గట్టిగా చెప్పినాయి కదా, ఈ పొద్దే విత్తు. మేము పది దినాలు ఆగుతాం."

నాయన నా దిక్కు చూసినాడు. జయరాం పగ్గం అంజినప్ప దిక్కు చాపినాడు.

"పోదామా అన్నా?"

అంజినప్ప ఆ పగ్గాన్ని చూసినాడు. ఎద్దుల్ని చూసినాడు. కాలితో అంగడి ముందరి మట్టిని కొంచెం గీకినాడు, కింద పొడి తెల్లగా తేలింది.

"వాన వస్తాదని చెప్పేది ఆ గింజలే గానీ" అన్నాడు నిదానంగా, "పడిందాకా అవీ నమ్మవమ్మా."

నాయన తుండుగుడ్డ బల్ల మీద పరిచి, మళ్లా కూర్చున్నాడు.

"ఎద్దులు ఇప్పు జయరాం."