చీటీ మీద పసుపు

ఆర్మూరులో ఆడపిల్లల బడి. పని ఇప్పిస్తామని తీసుకెళ్లి ఆడపిల్లలను అమ్మేసేవాళ్ల గురించి విజయశ్రీ టీచర్ పోయిన వారం మొదలుపెట్టిన పాఠాన్ని ఆ మధ్యాహ్నం ముగించింది. నోటితో అడగలేనివి పేరు రాయకుండా చీటీ మీద రాసి డబ్బాలో వేయమంది. చీటీలు చదివాక అందరినీ పంపేసి, తొమ్మిదో తరగతి కావేరిని మాత్రం ఆపింది.

“చెయ్యి సూపియ్ కావేరీ.”

“ఎందుకు మేడం?”

“గిదిగో, ఈ చీటీ మీద పసుపు మరక. నీ ఏళ్లు గూడ గట్లనే ఉన్నయి.”

“పసుపు సీజన్ల అందరియి గట్లనే ఉంటయి.”

“ఇయ్యాల పొద్దుగాల కల్లం కాడ కొమ్ములు ఇరిసొచ్చింది నువ్వొక్కదానివే. చేతులు గూడ కడుక్కోలే.”

“కడుక్కున్న. పోదు మేడం పసుపు.”

“పేరు రాయద్దన్నది నేనే, పట్టుకున్నది నేనే. తప్పే. కని గిది సదివినంక ఊకోలేకపోయిన. ‘తీసుకపోయేది తెలిసినోళ్లే అయితే ఎవరికి చెప్పాలి?’ ఎవలా తెలిసినోళ్లు?”

“ఏమో. నేను రాయలే.”

“సరె, నువ్వు రాయలే. రాసిన పిల్లకు నేనేం చెప్పాలె?”

“ఎవలికి చెప్పాలెనో చెప్పుండ్రి.”

“నాకు చెప్పాలె. లేకుంటె పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ జెయ్యాలె.”

“ఫోన్ జేస్తే ఎవల్ని పట్టుకపోతరు?”

“తీస్కపోయేటోళ్లను.”

“ఆమెను గూడ ముందుగాల ఎవలో గట్లనే తీస్కపోయుంటే? గప్పుడు గూడ పట్టుకపోతరా?”

“ఆమె అంటే మీ చిన్నమ్మనా? జ్యోతిలక్ష్మి? బొంబాయికెల్లి వచ్చిందట గద.”

“వచ్చింది. పోతది.”

“ఎప్పుడు?”

“ఇయ్యాలనే. నాలుగు గంటల బస్సుకు.”

“నిన్ను గూడ రమ్మన్నదా?”

“షాపుల పని అన్నది. బట్టల షాపు.”

“షాపు లేదు, ఏం లేదు బిడ్డా.”

“ఎరుకే.”

“ఎట్ల ఎరుక?”

“ఇప్పుడు మీరే చెప్పిండ్రు గద.”

“ఇటు సూడు. దీపావళి తర్వాత నెల దినాలు బడికి రాలేవు. ధర్పల్లిల అమ్మమ్మకు పాణం బాగలేదంటివి. నిజంగ ధర్పల్లికే పోయినవా?”

“అమ్మమ్మకు ఇప్పుడు మంచిగనే ఉన్నది.”

“నేనడిగింది అది గాదు.”

“అడగకుండ్రి మేడం.”

“సరె, అడగ. ఏడువకు. నెల దినాలు నీ పేరు పక్కన ఆబ్సెంట్ ఏసుకుంట కూసున్న. ఒక్కనాడు మీ ఇంటికి రాలే. తలుసుకుంటె నా మీద నాకే అసయ్యమైతున్నది.”

“మీరొచ్చినా మా ఇంట్ల చెప్పకపోతుండె.”

“నీ దోస్తు దీపకైన చెప్పకపోయినవా? ఇద్దరిది ఒక్కటే బెంచి.”

“గసోంటియి దీపకెట్ల చెప్తం మేడం.”

“అది ఇయ్యాల ఎందుకు రాలే? అన్నం బెల్లుకు నువ్వు వాళ్లింటికి పోయినవని పిల్లలు చెప్పిండ్రు.”

“వాళ్ల అమ్మా నాయిన చేనుకు పోయిండ్రు.”

“దానికి పాణం బాగలేదా?”

“మంచిగనే ఉన్నది. టైం ఎంతైంది మేడం?”

“మూడున్నర దాటింది. ఫికర్ జెయ్యకు. నువ్వు ఈడనే, నా పక్కన్నే ఉంటవు. మీ చిన్నమ్మ సంగతి నేను పోలీసోళ్లకు నిమ్మలంగ చెప్త. బస్సు పోతే పోనీ.”

“పోనియ్యకుండ్రి.”

“ఎందుకే? నువ్వు ఈడున్నవు గద.”

“ఇంకొకదాన్ని తెస్తే నిన్ను ఇడిసిపెడ్త అన్నది చిన్నమ్మ.”

“ఇంకొకదాన్నంటే? ఎవల్ని? కావేరీ, దీపనా?”

“ఇద్దరిది ఒక్కటే బెంచి అంటిరి గద.”

“అది పోదు. పోయిన వారం క్లాసుల నేను చెప్పిన ప్రతి ముచ్చట నోట్‌బుక్కుల రాసుకున్నది. తెల్వనోళ్లు పిలిస్తే పోదు అది.”

“తెల్వనోళ్లతోని పోలే మేడం. నాతోని వచ్చింది. బస్టాండ్ల చిన్నమ్మ పక్కన కూసోవెట్టొచ్చి చీటీ ఏసిన.”