ఇంజన్ వెనకుంటది

హలో… ఆ, నేనే. గోరినే. ఏంరా ధన్‌సింగ్, కోర్టు కాడికి చేరినవా?

…

ఎవరు? … మా తమ్ముడి ఫోను మీ కాడెందుకున్నది?

… బండి ఆగిందా? మా నాన్న పాత బీటిల్ కారా? ఆగుతది, ఎండలు గట్లున్నయి. మీరెవరన్నా, తోవల ఎక్కిన్రా? … సరే, ఫోను వానికియ్యి, నేను చెప్త. వాడు ఫారెస్టు గార్డే గాని బండి పని ముక్క రాదు. నాన్న పోయినంక మెకానిక్ షెడ్డు పని మొత్తం నేనే—

ఏం శబ్దమది?

ఎవరు అరిచింది? హలో! ధన్‌సింగ్!

…

జంపయ్య… సామిల్లు జంపయ్యవా?

… తెల్వకేం. నీ టేకు లారీని పట్టిచ్చింది మా తమ్ముడే గద. ఇయ్యాల నీ మీద సాక్ష్యం చెప్పనీకే పోతుండు గద.

… చెప్పను. పోలీసులకు చెప్పనన్నా. మా అమ్మ మీద ఒట్టు. ఇంట్ల నేను, మా అమ్మ, అంతే. … యాడీ, అమ్మా, ఏడ్వకు. కూసో. నోరు మూస్కొని కూసో యాడీ.

… ఆపు! కొట్టకు! వానికి నిజంగనే తెల్వదన్నా, మొండికేస్తలేడు. చిన్నప్పటి సంది బండి కిందికి దూరింది నేను. నన్నడుగు. నన్నడిగితే అయితది గద!

… ఆ. చెప్పు. యాడ ఆగింది?

… దుమ్ముగూడెం దాటినంక అడవిలకు తిప్పిన్రా. రేవు బాటకు. … మీ జీపేమైంది? … ఓ. చెక్‌పోస్టుల మీ జీపును గుర్తుపడ్తరు. ఫారెస్టు గార్డు సొంత బండైతే ఎవడూ ఆపడు. తెలివే.

… కాదన్నా, ఎక్కిరిస్తలేను. అడుగుతున్న. ఎట్ల ఆగింది? దబ్బున ఆగిందా, గునుసుకుంట గునుసుకుంట ఆగిందా? … గునిసింది. ఊఁ. తాళం తిప్తే ఇంజన్ తిరుగుతుందా? … తిరుగుతుంది గాని అంటుకుంటలేదు. ఇప్పుడు తిరుగుడు కూడ మెల్లగైంది. ఆ లావుపాటాయన ఆపకుంట తిప్పుతనే ఉన్నట్టుంది, నాకు ఇక్కడికే ఇనవడ్తుంది. ఎవరాయన? … వీరన్న. వీరన్నకు చెప్పు, ఇంకా తిప్తే బ్యాటరీ సచ్చిపోతది.

… ఇంజన్ లేదా?

ముందు డిక్కీ తెరిచినవా? ఇంజన్ వెనకుంటదన్నా. ముందుండేది పెట్రోల్ ట్యాంకు.

… రేడియేటరా? ఈ బండికి రేడియేటరే లేదు. నీళ్లు పోసేదేం లేదు, గాలితోనే చల్లారుతది. ఆ బాటిల్ అట్లనే పెట్టు. దేంట్లనన్న పోసేవు. అయ్యో, నవ్వుతలేనన్నా. నాకు నవ్వొస్తదా ఇప్పుడు?

… ఏంది? ఏం అంటున్నవు? … లేదు, ఆలిశం చేస్తలేను! జంపయ్యన్నా, నేను నీకు సీదగనే చెప్తున్న— వద్దు. వద్దు వద్దు వద్దు—

…

అయ్యో.

అయ్యో దేవుడా. ఏం కోసినవు? … వేలా? చిటికెన వేలా?

… సరే. సరే. ఇంకోటి కొయ్యకు. చెప్తున్న, జల్దిజల్ది చెప్తున్న. వాని చేతికి గుడ్డ కట్టుండ్రి. రక్తం మొత్తం పోతే మీరే మోసుకపోవాలె.

ఇను. ముందుగాల బ్యాటరీ. వైరు లూజై ఉంటది, దానికే మెల్లగ తిరుగుతుంది. బ్యాటరీ వెనక సీటు కింద ఉంటది. … అవ్, సీటు కిందనే. ఈ బండ్లకు గట్లనే పెడ్తరు. … వాన్ని పండవెట్టిన సీటా? అదే. వాన్ని కిందికి దించుండ్రి. … పారిపోడన్నా, వేలు తెగినోడు యాడికి పోతడు? చెట్టుకు కట్టేయి. బండికి దూరంగ కట్టేయి, మీకు పనికి అడ్డం రాకుంట.

దించినంక సీటు పైకి లేపితే నల్ల డబ్బా అగుపడ్తది. రెండు వైర్లు గట్టిగ ఒత్తి తిప్పు. ఫోన్ పక్కకు పెట్టి పో, నేను లైన్లనే ఉంట.

…

యాడీ. యాడీ, ఇటు రా. మెల్లగ మాట్లాడు, వాడు ఫోను బండి మీద పెట్టి పోయిండు, ఇటు నేను చేత్తోని మూసి పట్టిన. రామ్‌సింగ్ కాక ఇంటికి ఉరుకు. ఆయన ఫోన్ల నుంచి ఫారెస్టు రేంజ్ ఆఫీసుకు కొట్టమను. దుమ్ముగూడెం దాటినంక రేవు బాట, అడవిల — గంతే చెప్పమను. రేంజ్ జీపు సైరన్ కొట్టుకుంట పోవద్దని చెప్పు, సప్పుడైతే పీక కోస్తడు వాడు.

… బండికేం కాలేదు యాడీ. ఎండకు, ఇంజన్ వేడికి పైపుల పెట్రోలు ఆవిరైపోయింది, గంతే. కొంచెం సేపు నీడకు చల్లారితే దానంతటదే స్టార్ట్ అయితది. స్టార్ట్ అయితే వాన్ని గోదారి దాటిస్తరు. దాటిస్తే మనకు వాని బొక్క కూడ దొరకదు. స్టార్ట్ కాదని చెప్తే అక్కన్నే నరుకుతరు. … నాకు తెల్వది. తెల్వది యాడీ, ఆలోచిస్తున్న. నువ్వు పో. పో!

…

ఆ, ఉన్నన్నా. ఉన్న. బిగిచ్చినవా? … మంచిగ తిరుగుతుంది కదా ఇప్పుడు. నేను చెప్పలే? … అవ్, ఇంకా అంటుకోదు. పెట్రోల్ అందుతలేదు. అది చూద్దం.

వాన్ని యాడ కట్టేసిన్రు? … ముందు బంపర్‌కా! చెట్టుకు కట్టేయమంటే— … ఏం లేదు. ఏం లేదన్నా. సరే, ఉండనీ.

… వెనక మూత లేపు. నడుమ నల్లగ గుండ్రటి డబ్బా ఉంటది, గాలి డబ్బా. క్లిప్పు లాగి తీసి పక్కకు పెట్టు. దాని కింద ఒక నోరు అగుపడ్తది. అదే కార్బొరేటర్. ఎండిపోయిందా? … చూసినవా? దూప మీదున్నది అది. దానికి మన చేతితోని తాపాలె.

నీళ్ల బాటిల్ పారబొయ్యి. కుడి దిక్కు చిన్న పంపు, దానికొక రబ్బరు పైపు. పీకు. … వచ్చిందా? పెట్రోలు దానంతటదే కారుతది, ట్యాంకు ఎత్తు మీదుంటది గద. బాటిల్ పట్టు. … నిండిందా? ఇగ ఆ నోట్ల పొయ్యి. పొర్లినా ఫికర్ లేదు. ఇంజన్ మీద పడ్డా ఫికర్ లేదు, ఆరిపోతది. ఇంకొంచెం పొయ్యి.

… పైపా? మళ్లీ పెట్టకు. బాటిల్ ఇంకోపారి నింపాల్సి వస్తది. కారనీ.

… ఇప్పుడే తిప్పొద్దు. ఒకటే పని మిగిలింది. ప్లగ్గుకు కరెంటు వస్తుందో లేదో చూడాలె. ఒక ప్లగ్ వైరు పీకి, దాని కొసను ఇనుముకు జర్ర దగ్గర పట్టుకో. వీరన్న తాళం తిప్పుతడు. నీలంగ చిన్న మెరుపు రావాలె. వస్తే బండి నడుస్తది.

…

నిప్పు కాదన్నా, మెరుపు. మిణుగురు పురుగంత. మెకానిక్‌లందరు గిట్లనే చూస్తరు. … కొంచెం షాక్ కొడ్తది. కొంచెమే. గింత లారీల దొరవు, షాక్‌కు భయపడ్తవా?

… ఏంది?

… వద్దు. వాడు వద్దన్నా. ధన్‌సింగ్ వద్దు! వాని చెయ్యి తెగింది, వాడు పట్టుకోలేడు. నువ్వు పట్టుకో, లేకుంటే వీరన్న పట్టుకుంటడు, నువ్వు తాళం తిప్పు— … అన్నా, నా మాట ఇను, వాన్ని ఇంజన్ కాడికి తేకు—

…

ఇప్పినవా? … చేతులు ఇప్పినవు, కాళ్లు ఇప్పలేదా? కాళ్లు కూడ ఇప్పు, తూలి వైరు మీద పడ్తడు. … సరే. సరే, ఇప్పకు. నీ ఇష్టం.

… లేదు, ఏడుస్తలేను. నాలుగు వైర్లల్ల ఏ వైరో ఆలోచిస్తున్న. ఒక్క నిమిషం ఆగు.

…

ఒక్క నిమిషం.

… జంపయ్యన్నా, వానికి నేనే చెప్పాలె. నువ్వు చెప్తే తప్పు చేస్తడు. స్పీకర్ పెట్టు. … నీ చేతులు ఖాళీ లేవా? ఒక చేతిల కత్తి, ఒక చేతిల బాటిల్. అయితే స్పీకర్ పెట్టి వాని అంగీ జేబులనే వెయ్యి. … ఆ.

ధన్‌సింగ్. తమ్ముడూ, అక్కను. ఇనవడ్తుందా? … ఊఁ అను, చాలు. … నొస్తుందా బిడ్డా? … నాకు ఎరుక.

ఇంజన్ చూస్తున్నవా? పైపు కారుతుంది, చూసినవు గద. … ఊఁ. వైరు రబ్బరు కాడ పట్టుకో. మొఖం పక్కకు తిప్పు. నేను షెడ్డుల ఏదన్న బండికి స్పార్క్ చూసేటప్పుడు నిన్ను దగ్గరికి రానియ్యకపోతుంటి, యాదికున్నదా? మొదలు స్పార్క్ చూసి, సల్లగైనంకనే పెట్రోల్ డబ్బా ముట్టేది. ఇయ్యాల జంపయ్యన్నకు జల్ది ఉన్నది, పని తిరగేసి చేస్తున్నం. సమజైందా?

… సమజైందా తమ్ముడూ?

… ఊఁ.

జంపయ్యన్నా, నువ్వు పక్కకే నిలబడు. మెరుపు కనవడంగనే ఆ నోట్ల ఇంకొంచెం పొయ్యాలె, బాటిల్ మూత పెట్టకు. వంగి చూడు, ఎండల ఊకెనే కనవడదు అది. … ఇంకొంచెం వంగు.

వీరన్నా! తాళం తిప్పు!

…

ధన్‌సింగ్!

ధన్‌సింగ్, ఏమైంది? ఎవరు అరుస్తుండ్రు? జంపయ్యనా? వాడేనా? … అంటుకున్నడా? బాటిల్ పేలి మీద పడ్డదా? … నీకు? నీకు అంటుకుందా? చెయ్యా? మట్టిల రుద్దు! మట్టిల పెట్టి రుద్దు!

వీరన్న? … తలుపు తీసి ఉరికిండా? ఉరకనీ. పోనీ వాడు. నువ్వు ఆడ ఉండకు! కాళ్లు కట్టేసి ఉన్నా సరే, కింద పడు! దొర్లు! బాట పక్కకు దొర్లు! పైపు నుంచి పెట్రోలు పోతనే ఉన్నది, మంట ట్యాంకు దాంక పోతది!

… ఏంది ఆగినవ్?

… జంపయ్యనా? నీ కాలు పట్టుకున్నడా?

తన్ను! రెండు కాళ్లు కలిపి తన్ను! మొఖం మీద తన్నురా! … ఇంకోపారి! నీ వేలు కోసిన చెయ్యిరా అది, విరగ తన్ను!

… వదిలిండా? … ఏంది, ఏమంటున్నవు?

… ఇసుకనా? వాని మీదనా?

వద్దు! ధన్‌సింగ్, నీ డ్యూటీ తర్వాత! అడవిల మంట కనవడంగనే ఇసుక పోసుడు నీకు అలవాటు, నాకెరుకే — ఇప్పుడు కాదు! వాన్ని లాగకు! కాళ్లు కట్టేసుకొని మనిషిని లాగుతవా! పిచ్చోడా, ట్యాంకున్నది! వదిలెయ్యి! దొర్లు!

దొర్లుతున్నవా? … ఇంకా. ఇంకా దూరం. వానితోనే దొర్లుతున్నవా? వదిలెయ్యిరా వాన్ని! నేను చెప్తున్న, నీ అక్కను చె—

…

హలో?

హలో… ట్యాంకేనా పేలింది? ధన్‌సింగ్?

…

తమ్ముడూ. పలుకు. ఊఁ అను. ఏదో ఒకటి అను.

… లైను పోలేదు. మంట సప్పుడు ఇనవడ్తుంది నాకు. పలుకురా. నిన్ను తిట్టను. బండి పోతే పోయింది, తిట్టను. పలుకు.

…

ఆగు. ఏందది?

దగ్గినవా?

ధన్‌సింగ్, దగ్గింది నువ్వేనా? ఇంకోపారి దగ్గు. … ఆ. ఆ! దగ్గు బిడ్డా, పొగ బయటికి పోతది, దగ్గు. బాట పక్కన కాలువల పడ్డవా? ఆడనే పండు, లేవకు. రేంజ్ జీపు వస్తుంది. … జంపయ్యనా? ఊపిరి తీస్తుండా? … తీస్తే తీయనీ. నీ పక్కకే పండనీ. కోర్టుకు ఇద్దరూ పోదురు గని.

మాట్లాడకు నువ్వు. దగ్గు, చాలు.

యాడీ! యాడీ, లోపలికి రా! … బతికిండు. రా, చెవు దగ్గర పెట్టుకో. మాట సరిగ రాదు వానికి ఇప్పుడు, దగ్గుతుండు. ఇను. ఉండు తమ్ముడూ… అమ్మకిస్తున్న—