జయమణక్క గోడ

కూర్మన్నపాలెంలో ఆదివారం చర్చి నుంచి రాగానే యోహాన్ లాప్‌టాప్ తెరిచాడు. భార్య ఫెబా వెనకాల వచ్చి నిలబడింది.

“ఏటండీ సేత్తన్నారు?”

“నా బ్లాగు కొత్త డిజైన్ నిన్న పెట్టీసేను, సూడు. అంతా మన వీధి నుంచే తీసుకున్నాను. ఈ పసుపు ఆటోలది, ఈ గళ్లు మన గేటువి.”

“బాగుంది. రాయడం మానీసి ఏళ్లయింది గానీ, రంగులు మాత్రం పండక్కీ పండక్కీ మారతన్నాయి.”

“నువ్వెప్పుడూ అంతే. ఈ బ్యాక్‌గ్రౌండ్ ఎంత సహజంగా ఉందో సూడు.”

“అది మన ఎదురింటి జయమణక్క గోడ కదా?”

“అవును. ఆ పెచ్చులూడిన సిమెంటులో ఒక అందం ఉంది. అందుకే కింద ‘పేదరికపు సౌందర్యం’ అని రాసేను.”

“ఆ సౌందర్యం ఆవిడా సూసింది. కూతురు ఫోన్లో సూపించిందట. ఇయ్యాల చర్చిలో నా పక్కన కూకోకుండా ఎనక్కెళ్లిపోయింది.”

“నాను ఎగతాళి సెయ్యలేదు ఫెబా.”

“ఆవిడ్ని అడగనూ లేదు. అంత ఇష్టమైతే మన వంటింటి గోడ పెట్టాల్సింది. పోయిన వానల్నుంచీ చెమ్మ దిగతంది, బాగు సేయించమంటే ఇనరు.”

“అది ఫొటోలో బాగోదు.”

“మనది కాబట్టా?”

అతను వంటింటి వైపు ఓసారి చూశాడు.

“సరే, ఆ ఫొటో తీసీత్తాను. సారీ అని ఒక పోస్టు రాత్తాను.”

“పోస్టొద్దు. సాయంత్రం మీరొచ్చి ఆ గోడకి రంగేత్తారని చర్చి బయటే ఆవిడకి మాటిచ్చీసేను. ఏ రంగో మాత్రం ఆవిడే సెప్తాదట.”